ఇమాం సాహెబ్ విడదీసిన మెట్ల లైటు

నరసరావుపేటలో మా వీధికి వచ్చి ఏ ఇంట్లోనైనా స్విచ్ బోర్డు మూత విప్పి చూడండి. లోపల వైర్లు జడ అల్లినంత ఒద్దికగా మడిచి ఉంటే అది ఇమాం సాహెబ్ చేతి పని. చిక్కుపడ్డ ఊలు ఉండలా ఉంటే ఇంకెవరో చేసినట్టు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. చొక్కా జేబులో టెస్టరు లేకుండా గడప దాటడు. వాళ్ళ పెద్దమ్మాయి నిఖా ఫోటోలన్నిటిలోనూ అత్తరు పూసుకున్న కొత్త షేర్వాణీ జేబులోంచి ఆ టెస్టరు తొంగిచూస్తూనే ఉంటుంది. వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతుంది: "ఆ రోజు అల్లుడితో చెయ్యి కలిపావా, వాడిలో కరెంటు ఉందో లేదో చూశావా?"

చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. మాచర్లలో మోటార్లు చుట్టే షాపులో పనికి చేరి, వేళ్ళు కాల్చుకుని, ఓనరు చేత తిట్లు తిని వైరింగు నేర్చుకున్నాడు. తర్వాత పేట వచ్చి స్థిరపడ్డాడు. మంచివాడే, ఎవరు పిలిచినా పలుకుతాడు. ఆయనకున్నది ఒక్కటే గుణం. పని గురించి తక్కువ మాట అంటే తట్టుకోలేడు. ఆయన్ను తిట్టండి, నవ్వేస్తాడు. ఆయన బిగించిన స్విచ్‌ను ఒక్క మాట అనండి, కాఫీ గ్లాసు కింద పెట్టి లేచిపోతాడు. ఆ గుణమే ఆయన మీదికి ఇంత దిగులు తెచ్చిపెట్టింది.

మా ఎదురిల్లు ఎరువుల కొట్టు అన్నదమ్ములది. అన్న లక్ష్మీనరసయ్య, భార్య సుబ్బలక్ష్మి కింద ఉంటారు. తమ్ముడు వేణుమాధవ్, భార్య ప్రసన్న పైన. ఆ ఇల్లు కట్టినప్పుడు వైరింగంతా ఇమాం సాహెబ్‌దే. మెట్లకు ఆయన పెట్టిన లైటును మా వీధంతా వెళ్ళి చూసొచ్చాం. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, మధ్యలో ఒకటే లైటు. కింద వేసిన లైటును పైన ఆర్పచ్చు, పైన వేసింది కింద ఆర్పచ్చు. రెండు స్విచ్‌ల మధ్య గోడలో రెండు వైర్లు నడిపించాడు, అంతే కిటుకు. ఇప్పుడు టూ-వే అంటే పిల్లలకు కూడా తెలుసు గానీ, అప్పట్లో మాకది గారడీయే.

తోడికోడళ్ళిద్దరికీ ఆ లైటు మీద ఏదో ముచ్చట. సందెవేళ సుబ్బలక్ష్మి కింద స్విచ్ నొక్కి, వెలిగిన లైటుకు దణ్ణం పెట్టుకునేది. పైన ప్రసన్న కూడా అదే లైటుకు దణ్ణం పెట్టుకునేది. "ఇద్దరికీ కలిపి ఒకటే దీపం ఏందే, అంత పిసినారితనమా?" అని మేం ఏడిపించేవాళ్ళం. "దణ్ణాలు రెండు పెడుతున్నాం గదా, దేవుడికేం లోటు?" అనేది ప్రసన్న. మాటకారి ఆ పిల్ల. సుబ్బలక్ష్మి ఒక మాట అనేలోపు పది అప్పజెప్పేది.

కొట్టుకు కొత్త బోర్డు చేయించే దగ్గర అన్నదమ్ములు చెడారు. తమ్ముడు బోర్డు రాయించి అన్న పేరు లేకుండా తగిలించాడు. అన్న ఎవరూ లేని వేళ చూసి ఆ బోర్డు దింపించాడు. ఆ దెబ్బతో మాటలు పోయాయి, కొట్టు రెండయింది. లక్ష్మీనరసయ్య భార్యతో ఒట్టు వేయించుకున్నాడు, పైమెట్టు ఎక్కకూడదు, పైవాళ్ళతో మాట్లాడకూడదు అని. పైన వేణుమాధవ్ కూడా అలాంటిదే ఏదో అన్నాడు.

మాట్లాడొద్దన్నారు గానీ లైటు వేయొద్దని ఎవరూ అనలేదు. సందెవేళ సుబ్బలక్ష్మి లైటు వేసి నిలబడేది. పైనుంచి ప్రసన్న ఒకసారి ఆర్పి మళ్ళీ వేసేది. బాగానే ఉన్నానక్కా అని దానర్థం. పొద్దున పాలు వచ్చినప్పుడు ప్రసన్న వేస్తే సుబ్బలక్ష్మి ఆర్పేది. ప్రసన్నకు బీపీ. కూతురు జాహ్నవి గుంటూరు హాస్టల్లో చదువుతోంది, మొగుడు కొట్టు మూసేదాకా ఇంటికి రాడు. పగలంతా ఒంటరిగా ఉండే మనిషి ఎలా ఉందో తెలియడానికి సుబ్బలక్ష్మికి మిగిలింది ఆ స్విచ్ ఒక్కటే. ఒకసారి పైనుంచి జవాబు రాకపోతే, ఒట్టు వల్ల తను మెట్లెక్కలేక మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, నువ్వెళ్ళి ఒకసారి చూసిరావే." చూస్తే ఆ మహాతల్లి తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఈ సంగతి మా వీధి ఆడవాళ్ళందరికీ తెలుసు, మగవాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

అప్పుడు మీటరు విడదీయాలన్నారు. పైవాటాకు కొత్త మీటరు వచ్చింది. ఇద్దరికీ నమ్మకమున్న మనిషి కనుక ఇమాం సాహెబ్‌నే పిలిచారు. గదులన్నీ సులువుగానే విడిపోయాయి. పేచీ మెట్ల లైటు దగ్గర వచ్చింది. ఒకే లైటు రెండు మీటర్ల మీద ఉండకూడదు, ఎవరో ఒకరి మీటరు మీద ఉండాలి.

"నా మీటరు మీదే ఉండనీ, నాకేం బరువు కాదు," అన్నాడు లక్ష్మీనరసయ్య వరండాలోంచి, పేపరు మీదినుంచి తల ఎత్తకుండా.

వేణుమాధవ్‌కు చురుక్కుమంది. "ఆయన ధర్మలైటు కింద నడవాల్సిన కర్మ మాకు పట్టలా. ఇమాం భాయ్, ఎవరిది వాళ్ళకు చెయ్యి."

ఇమాం సాహెబ్ నచ్చజెప్పబోయాడు. "ఒక్క లైటుకు గోడ పగలగొట్టడం ఎందుకు బాబూ? వదిలేస్తే పోలా?"

"వదిలెయ్యటం ఏంది? చెయ్యటం రాదా? రాకపోతే రాదని చెప్పు, సత్తెనపల్లి నుంచి తెలిసినోణ్ణి పిలిపిస్తా."

ఇక ఇమాం సాహెబ్ సంచీలోంచి సుత్తి, చిజిలు తీశాడు.

అప్పుడే సుబ్బలక్ష్మి టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించి అడిగింది. "ఇమామన్నా, ఆ ఒక్కటి వదిలెయ్యవా?"

"నాకు రాదనుకుంటున్నాడు చెల్లెమ్మా మీ మరిది," అన్నాడాయన.

"ఎందుకు రాదూ, నీకు రానిదేంది? అయినా వదిలెయ్యి."

"నువ్వేం బెంగపడమాక. కింద నీకు కొత్త లైటు పెడతా, దీనికన్నా బాగా వెలుగుద్ది."

భర్త వరండాలోనే ఉన్నాడు, మరిది మెట్ల మీద ఉన్నాడు. ఆవిడ ఇంకేం చెబుతుంది? ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

పని చూసి తీరాల్సిందే, అంత శుభ్రంగా చేశాడు. గోడలోని రెండు వైర్లూ బయటికి లాగేశాడు. కిందికి ఒక లైటు, పైకి ఒక లైటు, దేని స్విచ్ దానికే. పాత పైపు రంధ్రాలు సిమెంటుతో పూడ్చి, లప్పం పెట్టి, రంగు వేయించాడు. అక్కడ ఒకప్పుడు వైరు ఉండేదంటే ఎవరూ నమ్మరు. "ఇప్పుడు పిలిపించండి మీ సత్తెనపల్లి ఆయన్ని, వచ్చి చూసుకుని పోతాడు," అన్నాడు వేణుమాధవ్‌తో. వేణుమాధవ్ కూడా ఒప్పుకున్నాడు. తర్వాత మెట్ల మలుపులో రేకు తలుపు పెట్టించాడు. దాంతో పై లైటు వెలిగిందో లేదో కిందికి కనపడకుండా పోయింది.

సుబ్బలక్ష్మి కొన్నాళ్ళు సందెవేళ తన లైటు వేసి, దణ్ణం పెట్టుకుని, అలవాటు కొద్దీ ఆగేది. ఆ లైటు దానంతటది ఆరదు కదా. మళ్ళీ లోపలికి పోయేది.

మొన్న ఎండాకాలంలో జరిగింది. మధ్యాహ్నం నుంచీ పైన కుళాయి చప్పుడు లేదు, గిన్నెల చప్పుడు లేదు. సుబ్బలక్ష్మి వచ్చి నన్ను అడుగుదామనుకుందట. ఆ రోజు మేం పెళ్ళికి ముప్పాళ్ళ వెళ్ళాం. జాహ్నవి దగ్గరికి గుంటూరు వెళ్ళి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. మెట్ల దాకా వచ్చింది, రేకు తలుపు చూసింది, ఒట్టు గుర్తొచ్చి ఆగింది. కొట్టు మూసుకొచ్చిన వేణుమాధవ్‌కు వంటింట్లో పడి ఉన్న ప్రసన్న కనిపించింది. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడి వైపు చచ్చుబడింది, మాట పోయింది. సందెవేళకైనా తెచ్చి ఉంటే ఇంత దాకా రాకపోయేదేమో అన్నారట ఆసుపత్రిలో.

ఆ తర్వాత ఒట్లు ఎవరికి గుర్తున్నాయి? రేకు తలుపు తీసి పక్కన పడేశారు. పూటపూటా సుబ్బలక్ష్మే పైకెక్కి తినిపిస్తోంది. ప్రసన్న పిలవాలంటే నోరు లేదు కనుక వేణుమాధవ్ వైరు లేని కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చాడు. అది తెచ్చిన వారమే మొరాయించింది. దాంతో మళ్ళీ ఇమాం సాహెబ్‌కు కబురు వెళ్ళింది.

"మంచం పక్కన స్విచ్, కింద వదిన వంటింట్లో బెల్లు. వైరు పెట్టెయ్యి భాయ్," అన్నాడు వేణుమాధవ్.

"ఏ మీటరు నుంచి లాగమంటారు?"

"ఏదైతే ఏంది భాయ్." ఆ మనిషి కళ్ళు ఎత్తి చూడలేదు.

గోడ లోపలి దారి తన చేత్తోనే పూడ్చాడు కనుక, ఇమాం సాహెబ్ ఆ నున్నటి రంగు మీదే ప్లాస్టిక్ పట్టీ కొట్టి వైరు దింపాల్సి వచ్చింది. మెట్ల మీద కూర్చుని స్క్రూలు బిగిస్తుంటే సుబ్బలక్ష్మి పళ్ళెంతో దిగొచ్చింది. ఆయన ఊరికే ఏదో ఒకటి అనాలని, "పైన ఒక మనిషి పడి ఉంటే అంతసేపు కిందికి తెలియలేదంటే చిత్రమే చెల్లెమ్మా," అన్నాడు.

ఆవిడ ఆగింది. అప్పుడు చెప్పింది స్విచ్ సంగతి. తను వేయడం, ప్రసన్న ఆర్పి వేయడం, జుట్టు ఆరబెట్టుకున్న రోజు తను హడలిపోవడం, అంతా. ఆయన చేతిలోని స్క్రూ జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

"అప్పుడే చెప్పి ఉంటే..."

"చెప్పాను గదన్నా, వదిలెయ్యమని."

"ఎందుకో చెప్పలా."

"ఎందుకో నువ్వు అడగలా."

కోపంగా అనలేదట. ఎంగిలి పళ్ళెం తీసుకుని దిగి వెళ్ళిపోయింది. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది అంటాడాయన.

పట్టీ కొట్టడం అయ్యాక పైకి వెళ్ళి, ప్రసన్న ఎడమ చేతికి అందేలా స్విచ్ బిగించాడు. నొక్కి చూశాడు. కింద బెల్లు మోగింది. వస్తున్నా వస్తున్నా అంటూ సుబ్బలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. ప్రసన్న ఆవిణ్ణి చూడలేదు. ఇమాం సాహెబ్‌ను చూస్తూ మూతి వంకరపోతుంటే ఏదో అనబోయింది. అంత మాటకారి నోట "ఆ... ఆ..." అన్న ఒక్క చప్పుడే, మళ్ళీ మళ్ళీ అదే వచ్చింది. ఆయన మంచం మీదికి వంగి చెవి ఒగ్గాడు. సుబ్బలక్ష్మి కూడా వంగింది. ఇద్దరికీ అర్థం కాలేదు. చివరికి ప్రసన్నే విసుగొచ్చి గోడ వైపు తిరిగిపోయింది.

సాయంత్రాలు మా అరుగు మీద కూర్చున్నప్పుడు ఇమాం సాహెబ్ ఇప్పటికీ అడుగుతుంటాడు. "ఏమన్నదంటావక్కా ఆ పిల్ల? తిట్టిందంటావా?"

"తిట్టి ఉండదులే. ప్రసన్న అట్టాంటి మనిషి కాదు," అంటాను.

"తిట్టిందని తెలిసినా సర్దుకుందును," అంటాడు. ఎదురింటి వైపు చూడకుండా టీ తాగి లేచి వెళ్ళిపోతాడు.