కడిగిన ఆవకాయ ముక్క

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. మాది భీమవరం దగ్గర చర్చికి వెళ్లే కుటుంబం. ఢిల్లీలో ఇన్నేళ్లు నర్సుగా చేశాక, భయపడాల్సింది పోయినవాళ్లకి కాదు, రోగుల చుట్టాలకి అని తెలిసొచ్చింది. అయినా ఇది జరిగింది. అదీ పట్టపగలు.

నేను పనిచేసేది హెచ్‌ఐవీ ఉన్న పిల్లల విభాగంలో. ఫరీదాబాద్ నుంచి గుడియా అనే నాలుగేళ్ల పిల్లని వాళ్ల నానమ్మ తీసుకొచ్చేది. ఆ పిల్లకిచ్చే సిరప్ చేదు విషం. నేను పోయడం, అది నా యూనిఫాం మీద ఉమ్మేయడం. పైకి నవ్వేదాన్నే గానీ లోపల ఒకటే బెంగ. మందు రోజూ కడుపులోకి వెళ్లకపోతే వైరస్ తగ్గదు, కొన్నాళ్లకి ఆ మందే పనిచేయడం మానేస్తుంది.

ఇలాంటి మొండిఘటాలకి మా మేరీ అక్క దగ్గర ఒక వైద్యం ఉండేది. నాకు పని నేర్పిన నర్సు, నరసాపురం మనిషి. మన ఇళ్లలో పసివాళ్లకి పెట్టినట్టే ఆవకాయ ముక్కని నీళ్లలో కడిగి, కారం పోయిందో లేదో ముందు తానొక కొస కొరికి చూసి, మిగిలింది పిల్లల నోట్లో పెట్టేది. ఆ పులుపు మీద చేదు అంతగా తెలిసేది కాదు. పైగా ఇంట్లో గ్లాసు కూడా వేరుగా పెట్టించుకున్న పిల్లలు వాళ్లు. ఒక పెద్దావిడ తమతో పంచుకుని తింటుంటే మొహాలు వెలిగిపోయేవి.

అక్క గుడియా పుట్టకముందే పోయింది. ఆవకాయ వైద్యం కూడా అక్కతోనే పోయింది.

ఒకరోజు సిరప్ కొలుచుకుని, యుద్ధానికి వెళ్తున్నట్టు బయటికొచ్చాను. గుడియా బెంచీ మీద కూర్చుని ఏదో చప్పరిస్తోంది. నోరు తెరిచింది, మందు మింగింది, ఖాళీ నోరు చూపించి నవ్వింది.

"క్యా ఖిలాయా, అమ్మాజీ?" అని, ఏం తినిపించిందో నానమ్మనడిగాను.

"మైనే కుఛ్ నహీ దియా, సిస్టర్," తానేమీ పెట్టలేదని నానమ్మ తెల్లమొహం వేసింది. ఓపీ చీటీ లైన్లోంచి ఆవిడ అప్పుడే వచ్చింది.

గుడియా బుగ్గలోది తీసి చూపించింది. టెంకతో ఉన్న మామిడి ముక్క. కడిగినా ఆవపిండి వాసన పోలేదు. ఒక కొస కొరికి ఉంది.

"ఆంటీ నే దియా. ఆధా ఉన్హోనే ఖాయా, ఆధా మైనే," అంది గర్వంగా. సగం ఆంటీ, సగం తను.

అందరినీ అడిగాను. ఆ రోజు అక్కడ తెలుగువాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. నా బాక్సులో పెరుగన్నం ఉంది, నంజుకోవడానికేమీ లేదని పొద్దున్నే విసుక్కున్నాను కూడా.

ఆ వారమే నానమ్మకి ఆవకాయ సీసా ఇచ్చి, ముక్క కడగడం నేర్పాను. మొన్నటి పరీక్షలో గుడియా వైరస్ కనిపించనంతగా తగ్గిపోయింది. డాక్టరమ్మ లడ్డూలు పంచింది. నేను ఏడ్చేశాను.

ఆ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నా అల్మారాలో మాత్రం ఇప్పుడు ఎప్పుడూ ఆవకాయ ఉంటుంది. నిన్న గుడియాకి ముక్క కడిగి, కొస కొరికి ఇవ్వబోతుంటే బెంచీ చివర ఖాళీ చోటు చూపించింది.

"ఆంటీ కో భీ దో," అంది. ఆంటీకి కూడా ఇవ్వాలట.

అక్కడ ఎవరూ లేరు. దెయ్యాలని నమ్మనని మొదటే చెప్పానుగా, ఇప్పటికీ నమ్మను. ఇంకో ముక్క మాత్రం కడిగాను.