సూర్యాపేట రెండు కిలోమీటర్లుందనగా

ఆ రోజుల్లో మేము ఏ క్షేత్రానికి వెళ్లొచ్చినా దర్శనం బాగా అయిందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "ఈసారి కారు ఏడ ఆగింది?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది. నవ్వుతూ చెప్పలేకపోయిన జవాబు ఒకటి మాత్రం మిగిలింది. ఇన్నేళ్లకు అది మీకు చెప్పుకుంటాను.

మాది మిర్యాలగూడ. నాయినకు రైస్ మిల్లు ఉండేది. ఊళ్లో మిగతా మిల్లుల వాళ్లు కొత్త కొత్త కార్లు కొంటుంటే నాయిన హైదరాబాదులో ఎవరో ముసలి డాక్టరు దగ్గర, తనకంటే రెండేళ్లు పెద్దదైన కారు కొనుక్కొచ్చాడు. వెన్న రంగు, గుండ్రటి లైట్లు, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. ("ఇసొంటి బండి జిల్లా మొత్తంల లేదు" అనేవాడు. నిజమే, జిల్లాలో మిగతావాళ్లందరూ తెలివైనవాళ్లు.) దాని అద్దాలు దింపితే ఎక్కేవి కావు, ఎక్కిస్తే దిగేవి కావు. నలభై కిలోమీటర్లకొకసారి ఇంజిన్ కాగి పొగలు కక్కేది. అందుకని వెనక సీట్లో అమ్మకూ నాకూ మధ్య నాలుగు నీళ్ల క్యాన్లు ఉండేవి. శ్రీశైలం, భద్రాచలం, అన్నవరం, ఆఖరికి తిరుపతి కూడా ఆ క్యాన్లు ఒళ్లోకి దొర్లకుండా పట్టుకునే చూశాను.

నాయినకు డ్రైవింగు రాదు. కొడుకు నడుపుతుంటే పక్కన దర్జాగా కూర్చోవడం వచ్చు. అన్నకు నేర్పే పని మిల్లులో లారీ నడిపే ఆయనకు అప్పగించాడు. ఆయన్ను మేం లారీ మామ అనేవాళ్లం. వడ్లు ఆరబోసే కల్లంలో నెల రోజులు పాఠాలు. అన్న మధ్యలో ఎగ్గొట్టి సినిమాకు పోకుండా నన్ను కాపలాగా వెనక సీట్లో కూర్చోబెట్టారు. మామ చెప్పిందంతా అన్న ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తే, వదిలేసిందంతా నేను ఏరుకున్నాను. ఒకరోజు అన్న అలిగి దిగిపోయాడు. మామ నన్ను ముందుకు రమ్మన్నాడు. కల్లం చుట్టూ నాలుగు రౌండ్లు తిప్పాను. "గీ బండి నీ మాట ఇంటది బిడ్డా" అన్నాడు. ఆ మాట కోసం ఆ తర్వాత ఎన్ని పొద్దున్లు దొంగచాటుగా కల్లానికి వెళ్లానో. నాయినకు తెలిసి మామను పిలిచి, "ఆడపిల్లకు స్టీరింగెందుకయ్యా, రేపు దాని మొగుడు నడుపుతడు" అన్నాడు. దాంతో నా చదువు ఖతం.

నాకు ఇరవై రెండేళ్లున్నప్పుడు విజయవాడ అమ్మవారిని చూసుకుని తిరిగొస్తున్నాం. మే నెల, మధ్యాహ్నం. జగ్గయ్యపేట దాటి కొంత దూరం వచ్చాక కారు మామూలుగానే పొగలు కక్కింది. నాయిన దిగి నీళ్లు పోశాడు. పోసినవాడు బానెట్ మూయకుండా అలాగే నిలబడిపోయాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. "ఛాతిల గుంజుతున్నది" అని రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

అక్కడ ఒక టీ కొట్టుంది. ఆ కొట్టాయన పరుగెత్తుకొచ్చి నాయినను లేపి వెనక సీట్లో పడుకోబెట్టాడు, క్యాన్లన్నీ బయట పారేశాడు, బానెట్ మూశాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే రావడానికి అరగంట పడుతుందన్నారు. చెయ్యి ఊపినా కార్లు ఆగలేదు. "ఆలోచిస్తా నుంచుంటే ఎట్లాగండీ, ముందు కోదాడ తీసుకెళ్లిపోండి" అన్నాడాయన. అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టార్ట్ చేశాడు, ఆగిపోయింది. మళ్లీ చేశాడు, మళ్లీ ఆగింది. మూడోసారి కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగింది. వెనక నాయిన మూలిగాడు.

"అన్నా, జర దిగు" అన్నాను.

దిగాడు. నేను కూర్చుని స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగా వదిలాను. కదిలింది. (ఆ క్షణంలో నాయిన ప్రాణం మీదున్న భయం పక్కనే ఒక సంతోషం కూడా కలిగింది. దాన్ని ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.) కోదాడ రాబోతుండగా గొర్లమంద రోడ్డుకు అడ్డం వచ్చింది. హారన్ పనిచెయ్యదు. "కొట్టు, హారన్ కొట్టు" అని వెనక నుంచి అరుస్తున్న అమ్మ, ఇక లాభం లేదని కిటికీలోంచి సగం బయటికొచ్చి గొర్లకాపరి మీద కేకలేసింది. అంత గొంతు ఆమెకుందని నాకప్పుడే తెలిసింది. మంద చీలింది. నేను బ్రేకు మీద కాలు పెట్టకుండానే దాటించాను.

కోదాడ దవాఖానలో ఇంజక్షన్ ఇచ్చి, గుండెపోటే, సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకెళ్లండన్నారు. అక్కడి అంబులెన్సులో నాయినా అమ్మా వెళ్లారు. వెనకే కారులో అన్నా నేనూ. దారి పొడుగునా నేనే నడిపాను. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సూర్యాపేట ఇంకా రెండు కిలోమీటర్లుందనగా గొంతు సవరించుకున్నాడు.

"ఇగ నేను పట్టుకుంట తియ్యి. గేటు కాడ బాబాయిలు, మామలు అందరుంటరు."

పక్కకు తీసి ఆపాను.

నాయిన గండం గడిచింది. మూడో రోజు వార్డులో చుట్టాలందరూ మంచం చుట్టూ చేరారు. "కొడుకంటే గిట్లుండాలె. వాడే లేకుంటే ఏమైతుండె" అన్నాడు బాబాయి. నాయిన నా వైపు చూశాడు. నేను ఎదురుచూశాను. "అవును, మా పోరడు ధైర్యం చేసిండు" అన్నాడు.

ఇంటికొచ్చాక, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. "నాయినా, బండి నడిపింది నేను గదా."

"తెల్వదా బిడ్డా. పండుకొని సూస్తనే ఉన్న. కానీ రేపు వాడు మిల్లు నడపాలె, వాని ఇజ్జత్ ఏంగావాలె? నువ్వు వేరే ఇంటికి పోయేదానివి. నాకు తెలుసు. చాలదా?"

"చాలు" అన్నాను. చాలలేదు. రెండు నెలలకు మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్ట వెళ్లినప్పుడు అన్న స్టీరింగు ముందు, నాయిన పక్కన, నేను కొత్త క్యాన్ల మధ్య.

మొన్నీమధ్య అన్న కొడుకు నిశ్చితార్థం సూర్యాపేటలో జరిగింది. నాయిన లేడు, కారూ లేదు. కాబోయే వియ్యాలవారికి అన్న ఆనాటి కథ చెప్తున్నాడు. "నూటిరవై మీద కొట్టిన" అంటున్నాడు (ఆ కారు అరవై దాటిందంటే ఎవరో తోస్తున్నట్టే). నేను నవ్వుతున్నట్టే మొహం పెట్టి, "ఆ రోజు నడిపింది నేను" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. అన్న కూడా నవ్వాడు. వాడి మొహం చూస్తే అర్థమైంది, వాడు అబద్ధమాడటం లేదు, నిజంగానే మరచిపోయాడు. ఎవరో అమ్మను అడిగారు.

"ఏమో బిడ్డా, నేను కండ్లు మూసుకొని దేవునికి దండం పెట్టుకుంట కూసున్న" అంది అమ్మ.

సాయంత్రం నా కారులో ఒక్కదాన్నే మిర్యాలగూడకు బయల్దేరాను. నాయిన మీద, అన్న మీద, అమ్మ మీద వంతులవారీగా కోపం తెచ్చుకున్నాను. చివరికి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీదికొచ్చేసరికి మాత్రం నవ్వొచ్చింది. అడగగానే కారు పక్కకు తీసింది, దిగింది, చున్నీ సర్దుకుంది. అంతటితో ఊరుకుందా అంటే, లేదు. అటువైపు వెళ్లి కూర్చుంటూ, "సెకండ్ గేరు గట్టిగుంటది అన్నా, జర మెల్లగ ఎయ్యి" అని జాగ్రత్త కూడా చెప్పింది.