శ్రీశైలం ఇచ్చిన మొదటి వంతు

శ్రీశైలానిది వీపనగండ్ల. ఇంజనీరింగు మూడో ఏట మానేశాడు. అడిగితే, తన వేగం తట్టుకోలేక కాలేజీయే తనను వదిలేసిందంటాడు. తాను సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం ఒకసారి మీట నొక్కకముందే జవాబు చెప్పిందనీ, కరెంటాఫీసువాళ్లు వచ్చి విచారించి పోయారనీ ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు. అతనితో పనిచేసే ఫరీదా మొదట్లో నమ్మింది కూడా.

ఇద్దరూ గద్వాలలో నర్సింహులు సారు దగ్గర పనిచేస్తారు. విత్తన పత్తి రైతులు పంపే ఫొటోలు చూసి, కాయలో గులాబీ పురుగు ఉందో లేదో కంప్యూటరు చేత చెప్పించడం ఆ ఆఫీసు పని. అందుకు ఫరీదా పైతాన్‌లో ప్రోగ్రాం రాసింది. అది నెమ్మదని శ్రీశైలం తన భాషలో ఇంకోటి రాశాడు. రెండూ ఒకే జవాబులు ఇస్తున్నాయి.

"ఏది జోరుగ ఉరికితే అదే ఉంటది" అన్నాడు సారు.

తన ప్రోగ్రాం పోతే ఫరీదాకు అక్కడ వేరే పని లేదు.

పోటీనాడు శ్రీశైలం కుర్చీ జరిపి మర్యాద చేశాడు. "ఆడబిడ్డవు, ముందు నువ్వే నడిపియ్ చెల్లె. నేనెనక నుంచొచ్చి గూడ గెలుస్త."

ఆమెది ఈడ్చుకుంటూ సాగింది. తర్వాత అతనిది, అవే ఫొటోల మీద, మూడోవంతు సమయంలో ముగిసింది.

"సూసిండ్రా సారూ! ఫ్యాను ఒక సుట్టు తిరుగనీకె టైం దొరకలె!"

ఫరీదా బ్యాగు సర్దుకోసాగింది. ఆమెను ఇంకాస్త ఉడికిద్దామని శ్రీశైలం ఆమె ప్రోగ్రాంనే మళ్లీ నడిపించాడు. ఈసారి అది సగం సమయంలోనే అయిపోయింది. అతని నవ్వు ఆగిపోయింది. సారు ఫోన్‌లో ఉన్నాడు. తెర ఫరీదాకు కనిపించదు. నోరు మూసుకుంటే గెలుపు అతనిదే. ఆ విద్య మాత్రం అతనికి పుట్టుకతోనే రాలేదు.

"సారూ, తొండాట అయింది! ఫొటోలను డిస్కుల నుంచి మోసుకొచ్చిన బరువంత చెల్లె ప్రోగ్రామే మోసింది. నాది వచ్చేటాల్లకు అవన్ని మెమరీల రెడీగున్నయ్. బండలాగుడుల ఒక ఎద్దుల జతకు రాళ్ల బాట, ఇంకో జతకు సాపు బాట ఇస్తే ఊరోళ్లు ఊకుంటరా?"

"ముందు నువ్వే అంటివి గద భయ్యా?"

"మర్యాద అనుకున్న చెల్లె. నీ నెత్తిన మూట వెట్టిన."

మళ్లీ మొదలుపెట్టారు. మెమరీ ఖాళీ కావాలని ప్రతిసారీ కంప్యూటరును ఆపి మళ్లీ ఆన్ చేశారు. వేరే పనులన్నీ మూసేశారు. ఒకసారి ఆమె ముందు, ఒకసారి అతను. ఎవరికి వారికి వచ్చిన సమయాల్లో మధ్యదాన్ని తీసుకున్నారు. శ్రీశైలమే గెలిచాడు, కానీ కొద్దిలో.

"గింత దానికి, రైతులు వాడుతున్నదాన్ని మార్చుడెందుకు? ఫరీదాదే ఉండనీ" అన్నాడు సారు.

సాయంత్రం చాయ్ హోటల్లో శ్రీశైలం చుట్టూ నలుగురు చేరారు. "నా ప్రోగ్రాం ఎంత ఉరికిందంటే, దాన్ని ఆపనీకె కంప్యూటర్‌నే మల్లమల్ల బంద్ జేసుడైంది! కావాల్నంటే మా చెల్లెనడుగుండ్రి!"

ఫరీదా గ్లాసు కింద పెట్టి, హోటలంతా వినబడేలా అంది: "నా కండ్లార జూసిన. భయ్యా జర తక్కువ జేసి చెప్తుండు."