ఆర్లీన్ పడవకు అనుమతి

ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆర్లీన్ స్ప్రేగ్‌కి ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. టామరాక్ సరస్సు నడుమ దీవిలో నూరు గడప ఉంది. వాళ్లు ఒడ్డుకు రావడానికి ఒకే కంపెనీ పడవ, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం పన్ను నొప్పెడితే దవడ పట్టుకుని సాయంత్రం దాకా కూర్చోవలసిందే. ఆర్లీన్ పన్నెండు మంది పట్టే పడవ కొని, నడిపే లైసెన్సు తెచ్చుకుని, రవాణా బోర్డుకు అర్జీ పెట్టింది.

బోర్డు కాదంది. ఉన్న కంపెనీ “ఇంకో పడవ అక్కర్లేదు” అంటే చాలు, కొత్తవాళ్లకు అనుమతి ఉండదట.

“అంటే నేను కొట్టు పెట్టుకోవాలంటే ఎదురుకొట్టు వాణ్ణి అడగాలా?” అని ఆమె అక్కడే నిలదీసింది.

“రూలు అదేనండీ” అన్నాడు చైర్మన్, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఆర్లీన్ కోర్టుకెక్కింది. కింది కోర్టులో ఓడిపోయింది. పట్టు వదలక రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడో ఏడు, ఏప్రిల్‌లో, లాయరు ప్రిసిల్లా ఫోన్ చేసింది. “రేపు పదింటికి తీర్పు కోర్టు వెబ్‌సైట్లో పెడతారు ఆంటీ!”

మర్నాడు మరిది డ్వైట్ నడిపే చేపల ఎరల కొట్టు కిక్కిరిసిపోయింది. దీవి నుంచి స్నేహితురాలు నేడీన్ పొద్దున్న పడవకే దిగింది. పది కొట్టింది. పేజీ తెరుచుకోదు. డ్వైట్ లాప్‌టాప్‌ని ఎడాపెడా నొక్కాడు.

“అది చేప కాదురా, గాలం లాగినట్టు లాగకు!” అని ఎవరో అరిచారు.

చివరికి తెరుచుకుంది. నలభై ఏడు పేజీలు! డ్వైట్ ఆత్రంగా ఆఖరి పేజీకి దూకి, చదివాడు. “కింది కోర్టు తీర్పునే నేను ఖాయం చేసి ఉండేవాణ్ణి…” కుర్చీలో వెనక్కి వాలాడు. “ఓడిపోయాం వదినా.”

నేడీన్ ఉన్నచోటే కూలబడింది. ఆర్లీన్‌కి మాత్రం ఆ వాక్యం ఎక్కడో గుచ్చుకుంది.

“ఇలా తే. ‘చేసి ఉండేవాణ్ణి’ ఏంటి? చేస్తే చేశానని చెప్పాలి కదా?”

లాప్‌టాప్ లాక్కుని పైకి జరిపింది. ఆ భాగం మొదట్లో పెద్దక్షరాలతో ‘భిన్నాభిప్రాయం’ అని ఉంది.

“ఒరేయ్ డ్వైటూ! ఇది మిగతావాళ్లతో ఒప్పుకోని జడ్జి రాసుకున్నదిరా!”

ఇంకా పైకి వెళ్లింది. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. పోటీదారు ఒప్పుకుంటేనే బతుకుతెరువు అనే నిబంధన రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం, కింది కోర్టు తీర్పు రద్దు. ఐదుగురు ఇటు, ఇద్దరు అటు.

“గెలిచాం!” ఆర్లీన్ వేసిన కేకకి బయట బాతులు లేచిపోయాయి. నేడీన్ ఆమెను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. ఫోన్ మోగింది. అవతల ప్రిసిల్లా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

“చూశారా ఆంటీ?”

“చూశాను తల్లీ! ఈ తిక్కలోడు ఒక్క నిమిషం నన్ను చంపేశాడు!”

“పొరపాటైపోయింది వదినా” అంటూ డ్వైట్ అందరికీ కాఫీ పోశాడు, సగం బల్ల మీదే.

జూన్‌లో అనుమతి పత్రం వచ్చింది. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం, పన్నెండు సీట్లూ నిండి, ఆర్లీన్ పడవ రేవు వదిలింది. ఆ సాయంత్రం ఆఖరి ట్రిప్పులో, సరస్సు మధ్యలో కంపెనీ పడవ ఎదురైంది. దాన్ని నడిపే ముసలి మెర్ల్ టోపీ ఎత్తి, పొడుగ్గా హారన్ కొట్టాడు. ఆర్లీన్ తన హారన్‌ని అంతకంటే పొడుగ్గా మోగించింది.