ఎర్రమట్టి దారిలో కుశలప్రశ్నలు

పట్నంలో కాల్పులు మొదలయ్యాయన్న కబురు ముందుగా మా అన్నయ్యే తెచ్చాడు. పలాసలోని మా జీడిపప్పు మిల్లుకు ముడి జీడిపిక్కలు కొనడానికి అప్పటికి ఇద్దరం పశ్చిమ ఆఫ్రికా వెళ్లి ఉన్నాం. కబురు వినగానే విమానాశ్రయానికి బయల్దేరాం. మేం బస చేసిన ఇంటి పెద్దావిడ ఫాతూ కూడా తోడుగా కారెక్కింది.

“సెల్లీ, దార్లో ఎవులాపినా అద్దం దించకు, నోరిప్పకు,” అన్నాడు అన్నయ్య.

బయటంతా ఎర్రటి దుమ్ము, జీడిపూత వాసన. కళ్లు మూస్తే పలాస తోటల్లోనే ఉన్నట్టుంది. కళ్లు తెరిస్తే దారికి అడ్డుకర్ర, తుపాకీతో సిపాయి.

ఫాతూ తనే అద్దం దించి, తమ భాషలో సిపాయితో మాట కలిపింది. మీ అమ్మ కులాసానా, పిల్లలు తిన్నారా, వానలు పడ్డాయా అని అడుగుతోందట. డ్రైవరు మాకు మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. సిపాయి తుపాకీ దించి ఒక్కొక్కదానికీ జవాబిచ్చాడు. తిరిగి అవన్నీ ఆమెనూ అడిగాడు.

“ఏటీవిడ, పెళ్లిసంబంధం మాటాడతన్నాదేటి?” అన్నయ్య గొణిగాడు.

అడ్డుకర్ర లేచింది. నా గోవిందుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

“తెలిసినవాడా?” అని డ్రైవరుచేత ఫాతూను అడిగించాను.

“తెలియకపోతే అడగకూడదా?” అని నవ్వింది ఫాతూ.

మమ్మల్ని విమానాశ్రయంలో దింపి ఆమె అదే దారిన వెనక్కి వెళ్లింది. ఆ ఇంటి ఫోను ఈనాటికీ పలకడం లేదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, ఫాతూను మీరూ ఒక్కసారి తలుచుకోండి.