చీలకు ఏలాడిన ట్యూబు

మా సిరిసిల్లల మరమగ్గాలను సాంచాలంటం. బాలకిషనన్న ఒక్కడే ఎనిమిది సాంచాలు నడుపుతడు. ఆయన్ని అడిగితె ఆరే అంటడు గనీ ఆయనకు ఎంచరాదు. పోగు తెగితె వాసన వట్టి చెప్తడు. యాభై రెండేండ్ల మనిషి, మీసం దువ్వితె పక్క సాంచ భయానికి ఆగిపోతది. నేను గదే కార్ఖానల నూలు కండెలు చుడుత. ఏడో తరగతి సగంల ఇడిశిపెట్టిన గనీ, మంది ముచ్చట ఎన్నడు సగంల ఇడిశిపెట్టలె.

గసోంటి మనిషి పోయిన ఎండకాలం నడక మార్చిండు. బర్రె మీద కూసున్నోని లెక్క కాళ్లు రెండు దిక్కులకు ఏసుకుంట నడువవట్టె. రేకుల కింద పన్నెండు గంటలు నిలవడుడాయె, కట్టుకున్నది పాలిస్టర్ లుంగీ ఆయె. చెమట మానేరు వాగు లెక్క కారితె తొడల సందుల, గా జాగల దురద లేవకపోతదా? సాంచాల మోతల మనిషి మాటనే ఇనవడది, అన్న గీకుడు మాత్రం నాకు ఇనవడ్డది!

దురదకు మా కార్ఖానల ఒక రివాజు ఉండె. అద్దం, దువ్వెన ఏలాడే చీలకే నూలుపోగుతోని ఒక ట్యూబు కట్టి ఉంటుండె. మందుల దుకాణంల డాక్టర్ చీటి లేకుంట ఇచ్చింది. దురద లేసినోడు ఇంత ఒత్తుకోని మూలకు పోవుడు, ఒడిసినంక ఎవడో ఒకడు ఇంకోటి తెచ్చి కట్టుడు. పెట్టుకున్న రెండు దినాలు సల్లగ సర్గం లెక్క ఉంటది. మూడోనాడు దురద చుట్టాలను ఏసుకోని వస్తది.

"అన్నా, నువ్వే అంత పిండితె మాకేం మిగులుతది?" అని పక్క సాంచాల మీది పెంటయ్య లొల్లి వెడితె, "నీది గల్లీ అంతనే ఉన్నదిరా, నాది జిల్లా అయ్యింది" అని అన్న అందరిని నవ్విచ్చేటోడు.

వానలు పడేటాళ్లకు గా నవ్వు బందయ్యింది. ఒకనాడు నన్ను మూలకు పిలిశిండు.

"తమ్మీ, ఎవలికి చెప్పకు."

"నేను ఎవలికన్న చెప్తనానే!"

"బొంబాయి దిక్కు భీవండి సాంచాల మీద పనికి పోయిన గదా, ఇరువై ఏండ్ల కింద. ఆడ ఒక్కసారి తప్పు దారి తొక్కిన. గదే ఇప్పుడు బయటవడ్డది. పెద్ద రోగమేరా ఇది. మొన్నటిసంది మీ వదినె గూడ గీక్కుంటున్నది. నేనే అంటిచ్చిన. తెలిస్తె నా మొఖం సూస్తదా?"

నెల నుంచి నడుము నొప్పని చెప్పి వరండల పండుకుంటుండట. రక్తం పరీక్ష చేపిచ్చుకోరాదే అంటె, "ఈడ రక్తం తీసేటోడు మా సడ్డకుని కొడుకు. పొద్దుగూకేవరకు ఊరంత తెలుస్తది" అన్నడు.

"ఐతె జగిత్యాల పోదాం. ఆడ మనల కుక్క గూడ గుర్తువట్టది" అన్న నేను. ఆయన సరోజన వదినెకు కొండగట్టు మొక్కని చెప్పి నాతోని బస్సెక్కిండు.

జగిత్యాల తోలు డాక్టరమ్మ దవాఖానల లైను చూస్తె జాతరే. పక్కకు ఎవలో కోరుట్ల దుబాయాయన పేపరు తలకిందులు వట్టుకోని చదువుతుండు. ఆయన ఎనుక మొఖానికి దస్తీ కట్టుకున్నది ఎవలు? మా పెంటయ్య! మేనత్త సచ్చిపోయిందని పొద్దుగాల్నే సుట్టీ అడిగిండు.

"ఏందిరా, మేనత్తను ఈన్నే దహనం చేస్తున్నవా?" అన్న నేను.

వాడు జవాబు చెప్పకముందే బాలకిషనన్న నా చెయ్యి పిసికిండు. అవుతల ఆడోళ్ల బల్ల మీద సరోజన వదినె కూసున్నది. చందుర్తిల తల్లిగారింటికి పోతున్ననని చెప్పిందట ఆమె.

"ఏమయ్యా, కొండగట్టు ఈడికెప్పుడచ్చింది?"

"చందుర్తి అచ్చినప్పుడే అచ్చింది."

వదినె నవ్వలె. మెల్లగ అన్నది, "తెల్లబట్ట అయితుంది, ఒకటే దురద. నాది నీకు అంటిందనే నువ్వు వరండల పండుకుంటున్నవనుకున్న. అడుగుతందుకు మొఖం చెల్లలె."

గంతల్నే అన్న పేరు పిలిశిన్లు. నేను అటెండర్ లెక్క ఎనుకనే జొరవడ్డ. డాక్టరమ్మ లుంగీ తియ్యమంటె అన్న మీసం రెండు దిక్కుల కిందికి దిగింది. ఆమె మచ్చ అంచు మీద జర గీకి పొట్టు తీసి మైక్రోస్కోపు కింద చూసింది.

"ఏం పెట్టినవ్?"

"ట్యూబు."

"ఎవలు రాసిన్లు?"

"చీలకున్నది మేడం."

ఆమె నెత్తి కొట్టుకున్నది. "ఇది తామర. చెమటకు, తడి బట్టకు పెరుగుతది, ఒకలకెళ్లి ఒకలకు అంటుతది. గా ట్యూబుల స్టెరాయిడ్ ఉంటది. దురదను నిద్రవుచ్చి తామరను మేపుతది. దురద అనంగనే ఒకటే రోగం కాదయ్యా. సబ్బు పడకున్నా వస్తది, గజ్జికొస్తది, షుగరుకొస్తది, కలిసినప్పుడు అంటే రోగాలకు గూడ వస్తది. పుండు, నీటి పొక్కు, చీము, చెడు వాసన, మూత్రంల మంట, వీటిల ఏది ఉన్నా, వారం దాటినా తగ్గకున్నా ఊకె ఊహిచ్చుకుంట కూసోవద్దు, రావాలె."

అన్న భీవండి ముచ్చట కక్కిండు. ఆమె తిట్టలె, నవ్వలె.

"గీ మచ్చకు భీవండికి సంబంధం లేదు. కనీ కొన్ని అంటురోగాలు ఏ గుర్తు లేకుంట ఏండ్ల కొద్ది దాసుకుంటయి. అనుమానం ఉన్నప్పుడు దురద లేకున్నా పరీక్ష చేపిచ్చుకోవాలె. రక్తం ఇయ్యి. రిపోర్టు నీకు తప్ప ఎవలికి చెప్పం."

అటెన్క వదినెను చూసి ఆమెకు గూడ పరీక్షలు రాసింది. రిపోర్టులు పొద్దుగూకంగ ఇస్తమన్నరు. చాయ్ బండి కాడ అన్న చెవుల ఊదిన: "ఆగరాదే. రిపోర్టు మంచిగస్తె వదినెకు భీవండి ముచ్చట చెప్పుడే అక్కెర లేదు."

"మంచిగస్తె చెప్పబుద్ధి కాదు తమ్మీ. గందుకే ఇప్పుడే చెప్త."

పోయి ఆమె పక్కపొంటి కూసోని చెప్పిండు. వదినె చాయ్ గిలాస కింద వెట్టింది. లేసి పోయి అవుతలి బల్ల మీద ఒక్కతే కూసున్నది. రెండు గంటలు. నాకైతె రెండేండ్లు.

రిపోర్టులు అచ్చినయి. ఇద్దరి రక్తంల అంటురోగం ఏది లేదు. వదినెకు షుగర్ మూడు వందల పది! దానికే లోపట బూజు వట్టి తెల్లబట్ట, దురద.

"ఒక ఇంట్ల రెండు దురదలు, రెండు కారణాలు" అన్నది డాక్టరమ్మ. "ఇద్దరు ఒకలకొకలు ఇచ్చుకున్నది ఏం లేదు. రెండు నెలలు మందు ఆపద్దు. కాటన్ బట్టలు కట్టున్లి. వేడి నీళ్లల్ల ఉతికి కడక్ ఎండకు ఆరెయ్యిన్లి."

బస్‌స్టాండు కాడ వదినె నోరు తెరిశింది. "ఇన్నవు గదా, వేడి నీళ్లట. ఉతుకుడు నీదే. నాయి గూడ. రెండు నెలలు డాక్టరమ్మ కోసం. అటెన్క భీవండి కోసం."

"ఎన్ని దినాలే?"

"నా కోపం ఆరేదాంక."

తెల్లారి అన్న కార్ఖానకు వచ్చుడు వచ్చుడే నూలుపోగు తెంపి ట్యూబును చెత్త కుప్పల పారేసిండు. పెంటయ్య గులుగుతుంటె, "దురద లేస్తె జగిత్యాల బస్సెక్కు. మేనత్తను మల్ల సంపకు" అన్నడు.

ఇప్పుడు మీరు మా గల్లీకి వస్తె మిద్దె మీద ఎనిమిది సాంచాల మొనగాడు చెడ్డీలు పిండుకుంట కనవడుతడు. తామర మాయమై మూడు నెలలాయె. వదినె షుగర్ గూడ దిగింది. వరండలున్న చాప లోపలికి పోయిందని గల్లీకి చెప్పింది నేనే. ఎవలన్న కిందికెళ్లి, "ఇంక ఎన్ని దినాలన్నా?" అని అడిగితె మొఖం దాసుకోడు, పిడికిట్ల చీర పిండుకుంట గట్టిగనే చెప్తడు.

"డాక్టరమ్మయి ఎప్పుడో అయిపోయినయిరా. ఇయి భీవండియి!"

లోపటికెళ్లి వదినె ఒర్రుతది: "ముచ్చట్లు సాలు, నీళ్లు సల్లారుతున్నయి!"