వైరు పళ్ల దాకా వచ్చిన ఆదివారం

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది, ఎంత దూరంలో, ఎంతసేపు అని. ఆ రెండింటికీ సరిగ్గా జవాబు చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. అందుకే నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు యాభై రెండేళ్లు. నాంపల్లిలో దస్తావేజులు రాసేవాళ్లకు వంకర ప్లాట్ల వైశాల్యం లెక్కకట్టి ఇస్తాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఏ కొలతైనా రెండుసార్లు చూసుకోనిదే కాగితం మీద పెట్టను.

నిరుడు అదే ఫుట్‌పాత్ మీద ఒక పాత టేబుల్ లైటు దొరికింది. ఇనుప గొడుగు కింద అడుగున్నర ట్యూబు. దానికి స్టార్టరు ఉండదు. ఎర్ర బటన్ నొక్కి మూడు సెకన్లు పట్టుకుంటే ట్యూబు రెండు కొసలూ ఎర్రబడతాయి. వేలు వదిలితే వెలుగుతుంది. నల్ల బటన్ నొక్కితే ఆరుతుంది. అంటే మనిషి వేలు పడనిదే అది వెలగదు.

దాని స్విచ్చి పాడైపోయింది. అలాంటిది బజారులో ఎక్కడా లేదు. బదులుగా ఒక మామూలు స్విచ్చి, ఒక కాలింగ్ బెల్ బటన్ కొనుక్కొచ్చి, ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పనికి కూర్చున్నాను.

మేముండేది రెండో అంతస్తులో, కిరాయి ఇల్లు. గోడ బోర్డులో స్విచ్చి ఆపాను. ప్లగ్గు మాత్రం తీయలేదు. లైటు పాత స్విచ్చికి వెళ్లే వైర్లన్నీ కోసేశాను. గోడ నుంచి వచ్చే వైరులో రెండు పోగులుంటాయి. ఒకదానికి టెస్టర్ పెడితే వెలగలేదు. రెండోదానికి పెట్టలేదు. స్విచ్చి ఆపాక అది దేనికి అనుకున్నాను.

మా ఇంట్లో వైరు తొడుగు పళ్లతో తీయడమే అలవాటు. నా ముందు పళ్లు రెండు కట్టుడువి. అందుకని మా ఆవిడ శారదకు ఆ రెండో పోగు అందించాను.

“ఇగో, జర ఇది తీసియ్యి.”

“నా పండ్లేమన్న కటింగ్ ప్లేయరా? మీ లెక్కల పుస్తకాలల్ల దీనికేం ఉపాయం లేదా?” అంటూనే నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడే నీళ్లు తాగి వచ్చింది. మూతి ఇంకా తడిగానే ఉంది.

నేను గొడుగుకున్న స్క్రూలు విప్పి, పోకుండా పెదవుల మధ్య పట్టుకున్నాను.

వైరు ఆమె నోటికి రెండంగుళాల దూరంలో ఉండగా లైటు వెలిగింది.

మినుకుమనలేదు. కొసలు ఎర్రబడలేదు. ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. తెగిన వైర్లు తెగినట్టే బల్ల మీద ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒకటి, రెండు. ఆరిపోయింది. చూస్తే శారద వైరు ఒళ్లో పడేసి నన్నే చూస్తోంది.

స్క్రూలు నోట్లోంచి తీసి గిన్నెలో వేసి, ప్లగ్గు పీకేశాను. కింద గల్లీలో ఉండే ఎలక్ట్రీషియన్ యాదగిరిని పిలిచి, ఏ పోగుకు టెస్టర్ పెట్టిందీ, ఏది శారదకు ఇచ్చిందీ చెప్పాను. అతను బోర్డు విప్పి చూశాడు.

“గీ స్విచ్చి ఫేజు మీద ఉండాలె, న్యూట్రల్ మీద పెట్టిన్రు సార్. మీరు బంద్ చేసినా ఫేజుల, అంటే గా రెండో వైరుల, కరెంటు వస్తనే ఉంటది. అక్క నోట్ల పెట్టుకుని ఉంటే...” అని ఆగిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఊరి జాగలన్నీ లెక్కలు గడ్తరు, రెండు వైర్లుంటే ఒక్కదాన్నే చూస్తరా?”

లైటు వెలిగిన సంగతి చెప్పాను.

“న్యూట్రల్ లేకుంట, బటన్ లేకుంట ఎట్ల వెలుగుతది సార్? మీకు కండ్లు బైర్లు గమ్మినయ్, గంతే.”

అంతే అయి ఉంటుందని ఒప్పుకునేవాణ్నే. అతను వెళ్లాక శారదను అడిగాను, లైటు వెలగడం చూసే వైరు పడేశావా అని.

“ఏ లైటు?” అంది. “మీరు ఒర్రిన్రు గదా, నోట్ల పెట్టకు అని. గందుకే పడేసిన.”

నేను అరవలేదు. పెదవుల మధ్య స్క్రూలు పెట్టుకుని అరవలేను కూడా.

“నా గొంతేనా?”

“మీదే. పేరు పెట్టి పిలిచిన్రు.”

మా ఇరవై ఏడేళ్ల కాపురంలో నేను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. “ఇగో” అంటాను, ఆమె పలుకుతుంది.

రెండు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. మూడో రోజు ఇద్దరం అక్కడే, అలాగే కూర్చున్నాం. “శారదా, నోట్ల పెట్టకు” అని గట్టిగా అన్నాను.

“గొంతు గదే. కానీ గప్పుడు మీరు నా ఎన్కనుంచి పిలిచిన్రు.”

ఆమె వెనక ఉన్నది గోడ. దానికి అవతల ఇల్లు లేదు, రెండంతస్తుల కింద గల్లీ.

నేను చూసిన వెలుతురు ఆమె చూడలేదు. ఆమె విన్న గొంతు నేను వినలేదు. ఒకరు పొరపడ్డారంటే ఒప్పుకోగలను. ఇద్దరం అదే క్షణంలో వేరువేరుగా ఎలా పొరపడ్డామో ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు.

యాదగిరి బోర్డు సరిచేశాడు. లైటూ బాగుపడింది. శారద క్షేమంగా ఉంది. నేను మాత్రం ఇప్పటికీ ఆమెను “ఇగో” అనే పిలుస్తాను. పేరు పెట్టి పిలవాలంటే భయం. నేను ఎదురుగా ఉన్నా, ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమోనని.